ఊసరవెల్లికి బోను వద్దు, పచ్చని కంచె చాలు: ఎండాకాలంలో కాపాడుకునే పద్ధతులు

కంచె మొక్కల మీద మనం చేసిన వీడియోలో ఒకచోట వావిలి కొమ్మ మీద ఊసరవెల్లి కనిపిస్తుంది. అది చూసినవాళ్లు అడిగేది ఒకటే: "దీన్ని పట్టుకొచ్చి ఇంటి దగ్గర పెంచుకోవచ్చా? ఈ ఎండల్లో బయట ఉంచితే బతుకుతుందా?" దీనికి వీడియో కింద రెండు ముక్కల్లో జవాబు చెబితే సరిపోదు. అందుకే ఈ పాఠం.

ముందు చట్టం మాట. మన ఊసరవెల్లి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జీవి. పట్టుకోవడం, బోనులో పెట్టడం, అమ్మడం, కొనడం అన్నీ నేరమే. పిల్లలు ముచ్చటపడి తెచ్చినా సరే, తెచ్చిన చోటే వదిలేయించండి. పెంచాలన్న కోరిక ఉంటే మన పొలం కంచెనే దానికి ఇల్లుగా మార్చుదాం. అందులో తప్పు లేదు, ఖర్చూ లేదు.

తొండ వేరు, ఊసరవెల్లి వేరు

చాలా ఊళ్లలో రెండింటినీ ఒకటే అనుకుంటారు. తొండ చురుగ్గా పరిగెడుతుంది, తల ఆడిస్తుంది, మెడ ఎర్రబడుతుంది. ఊసరవెల్లి అడుగు తీసి అడుగు వేయడానికే ఊగుతూ ఆలోచిస్తుంది. కాలి వేళ్లు రెండు గుంపులుగా చీలి పట్టకారులా కొమ్మను పట్టుకుంటాయి. తోక చుట్టుకుని ఉంటుంది. రెండు కళ్లూ చెరో దిక్కుకు తిరుగుతాయి. తోకతో కలిపి అడుగు పైచిలుకు పెరుగుతుంది. మన దేశంలో ఉన్నది ఈ ఒక్క రకమే. శాస్త్రీయ నామం చమీలియో జైలానికస్. దీనికి విషం లేదు.

ఇది మిడతలు, ఈగలు, పురుగులు తింటుంది. దాదాపు ఒంటి పొడవున్న నాలుకను విసిరి పట్టుకుంటుంది. అలాగని ఒక్క ఊసరవెల్లి ఉంటే కషాయాలు కొట్టే పని తప్పుతుందని నేను చెప్పను. కదిలే పురుగు ఏదైనా దానికి ఆహారమే, మిత్రపురుగు కూడా. కానీ అది నిలబడిందంటే మన కంచెలో పురుగు, నీడ, తేమ మూడూ ఉన్నట్టు లెక్క.

రంగు చూసి వేడి తెలుసుకోవచ్చు

ఊసరవెల్లి పక్కనున్న వస్తువును చూసి రంగు మారుస్తుందని అనుకుంటాం. అసలు కారణాలు ఎక్కువగా వేడి, భయం, కోపం, జత కోసం వెతుకులాట. చర్మంలోని సన్నని స్ఫటికాల మధ్య ఎడం మారితే రంగు మారుతుందని 2015లో జెనీవా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు మడగాస్కర్ ఊసరవెల్లిలో చూపించారు.

మనకు పనికొచ్చే గుర్తులు ఇవి:

ఉదయం ఒళ్లు ముదురు రంగులో ఉండి, పక్కను ఎండకు చూపిస్తుంటే చలి కాచుకుంటోంది. కదిలించొద్దు.

ఎండ ముదిరాక ఒళ్లు తెల్లబారి, నోరు తెరుచుకుని ఉంటే వేడి తట్టుకోలేకపోతోంది. దానికి వెంటనే నీడ కావాలి.

కళ్లు లోపలికి గుంటలు పడితే ఒంట్లో నీరు తగ్గింది.

ఎండాకాలంలో చేయాల్సిన పనులు

1. నీడ. దానికి ఎండ కూడా కావాలి, ఎందుకంటే ఎముకలకు కావాల్సిన డి విటమిన్ ఆ ఎండ నుంచే తయారవుతుంది. కానీ వేడెక్కగానే రెండడుగులు వేస్తే నీడ దొరకాలి. ఒంటరి చెట్టు సరిపోదు. కానుగ, వావిలి, గోరింట, గ్లిరిసిడియా కలిపి, కొమ్మకు కొమ్మ తగిలేలా పెంచండి. వావిలి, కానుగ ఆకు కషాయాలకు, గ్లిరిసిడియా పచ్చిరొట్టకు ఎలాగూ పనికొస్తాయి.

2. నీళ్లు. పళ్లెంలో పోసిన నీళ్లు చాలావరకు ముట్టుకోదు. ఆకు మీద మెరిసే చుక్కను నాకుతుంది. పాత కుండకు సూది మొనంత చిల్లు పెట్టి, గుబురు కొమ్మకు కట్టి, ఉదయం పూట నింపండి. చుక్క చుక్కగా ఆకుల మీద పడాలి. ఆ నీటికి పిట్టలూ వస్తాయి.

3. మేత. నేల ఎండిపోతే పురుగు ఉండదు, పురుగు లేకపోతే ఊసరవెల్లి నిలవదు. వానలకు ముందే నవధాన్యాలు చల్లి ఆచ్ఛాదన చేసే పద్ధతి మనలో చాలామంది పాటిస్తున్నదే. అది చేసేటప్పుడు కంచె వెంబడి రెండు సాళ్లు కలిపి చల్లండి.

4. నిప్పు. ఎండ కంటే పెద్ద గండం ఇదే. గట్టు మీద ఎండుగడ్డికి అగ్గి పెడితే తొండ పారిపోతుంది, పిట్ట ఎగిరిపోతుంది. ఊసరవెల్లి పరిగెత్తలేదు. అపాయం వస్తే కొమ్మను కరుచుకుని కదలకుండా ఉండటమే దానికి తెలిసిన విద్య, మంటలో ఆ విద్య పనికిరాదు. పైగా ఆ గడ్డి మనకు ఆచ్ఛాదన. కాల్చేస్తే ఇద్దరికీ నష్టమే.

5. కంచె కొట్టడం. మొత్తం ఒకేసారి కొట్టొద్దు. ఈ ఏడు ఒక పక్క, వచ్చే ఏడు ఇంకో పక్క. జేసీబీ పెట్టించక తప్పకపోతే ముందు రాత్రి టార్చిలైటు వేసి కంచె చూడండి. నిద్రలో అది తెల్లగా పాలిపోయి కొమ్మ చివర కనిపిస్తుంది. ఆ కొమ్మను అలాగే కోసి, కొట్టని వైపు చెట్టుకు ఆనించండి. కాళ్లకు బూట్లు, చేతిలో కర్ర మర్చిపోవద్దు, అది పాములు తిరిగే వేళ.

6. పిచికారీ. అగ్నిఅస్త్రంలో పచ్చిమిర్చి, పొగాకు ఉంటాయి. పంట మీద కొట్టండి, కంచె మీద పడనివ్వొద్దు.

దారిలో కనిపిస్తే

ఆడది గుడ్లు పెట్టడానికి చెట్టు దిగి నేలలో గుంత తవ్వుతుంది. బండ్ల దారి మీద నలిగిపోయేది ఇలా నేల మీద తిరిగేటప్పుడే. కనిపిస్తే ముందు కర్ర పెట్టండి, తనంతట తానే ఎక్కుతుంది. అది వెళ్లే దిక్కున దారి దాటించి, నీడ పక్కన వదలండి. తోక పట్టి లాగొద్దు. బల్లి తోకలా తెగితే మళ్లీ మొలవదు. దెబ్బ తగిలి ఉంటే అటవీ శాఖవాళ్లకు చెప్పండి.

విదేశాల్లో ఉన్నవాళ్లకు

అమెరికాలో యెమెన్ జాతి ఊసరవెల్లిని కొని పెంచుకునే మనవాళ్లకూ సూత్రం ఇదే. బయట పెడితే గాజు తొట్టి వద్దు, ఎండలో అది నిలిపిన కారులా కాలిపోతుంది. జాలీ బోను వాడండి. సగానికి పైగా నీడ, లోపల ఆకులున్న మొక్క, ఆకుల మీద నీటి చుక్కలు ఉండాలి. చీమలు, పిల్లి, కాకి రాకుండా చూడాలి. నోరు తెరిస్తే లోపలికి తీసుకెళ్లండి. కొత్తగా పెట్టినప్పుడు పక్కనే ఉండి చూసుకోండి.

రోహిణి కార్తె వచ్చేలోపు మీ కంచె ఒకసారి చుట్టి రండి. ఎక్కడ కొమ్మకు కొమ్మ అందడం లేదో, ఎక్కడ నీడ తెగిపోయిందో గుర్తు పెట్టుకోండి. తొలకరికి ఆ ఖాళీల్లో వావిలి, గ్లిరిసిడియా కొమ్మలు నాటితే సరి. చిల్లు కుండ కట్టే పద్ధతి పై వీడియోలో చూడొచ్చు.