ధోఫార్ కొండలు: మంచు కురిసే ఎడారి

ఎడారి అనగానే మన విద్యార్థుల మనోనేత్రం ముందు నిలిచేవి ఇసుక తిన్నె, ఒంటె, ఖర్జూర వృక్షం. ఒమన్ దేశపు దక్షిణ భాగమైన ధోఫార్ పర్వతాలు ఈ చిత్రాన్ని తారుమారు చేస్తాయి.

మన పొలాలకు వాన తెచ్చే నైరుతి ఋతుపవనమే ఆ తీరాన్నీ ఒరసుకొని వీస్తుంది. దాని తాకిడికి సముద్రపు అడుగునున్న చల్లని నీరు పైకి ఉబుకుతుంది. ఆ నీటిమీదుగా వచ్చే తేమగాలి చల్లబడి, పొగమంచై, జూన్ నుండి సెప్టెంబరు దాకా కొండల దక్షిణపు వాలును కప్పివేస్తుంది. ఆ కాలాన్ని అరబ్బులు ఖరీఫ్ అంటారు. మన రైతుల నోట నానిన మాటే! అక్కడ కురిసే వాన స్వల్పం. చెట్ల ఆకులే మంచు తుంపరలను ఒడిసిపట్టి, బొట్లుబొట్లుగా వేళ్ళకు జారవిడుస్తాయి. ఆ వనంలోని ప్రధాన వృక్షం మన చిరుమానుకు దాయాది. అక్కడ ఒక చెట్టు కూలితే నీడతోపాటు నీరూ పోయినట్లే. ఒంటెల, పశువుల మందలు మితిమీరి మేయడంతో ఆ వనం పలుచబడుతున్నది.

శిఖరం దాటి ఉత్తరానికి దిగితే మంచు అందదు. ఆ ఎండిన లోయలలోనే ధూపవృక్షం పెరుగుతుంది. ఇది మన అందుగు చెట్టు జాతిదే. బెరడుకు గాటు పెట్టగా స్రవించే పాలు గట్టిపడితే అరబ్బీలో లుబాన్. మన లోబాన్‌కు పేరు అక్కడిదే గాని, మన అంగళ్ళలో దొరికేది చాలావరకు తూర్పు దీవుల మరొక చెట్టు జిగురు. ధోఫార్ ధూపభూమిని యునెస్కో 2000లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇక వన్యమృగాలు. మిర్బాత్ మైదానంపై గోడవలె లేచిన జబల్ సమ్‌హాన్‌ను 1997లో అభయారణ్యంగా ప్రకటించారు. నిట్టనిలువు కొండచరియలపై కొమ్ములు వెనుకకు వంగిన నూబియా కొండమేకలు నిర్భయంగా సంచరిస్తాయి. వాటి వెంట అరేబియా చిరుత. మగచిరుత బరువు సుమారు 30 కిలోలే. మన చిరుతకు తమ్ముడనవచ్చు. అడవిలో మిగిలినవి 200 లోపేనని అంచనా. వేటగాళ్ళు కొండమేకలను హరిస్తే ఆకలిగొన్న చిరుత మందలపై పడుతుంది. కాపరి తుపాకి ఎత్తుతాడు. అతనిని క్రూరుడనడం తగదు. మేక పోతే అతని కూడు పోయినట్లే.

ఇదే ఒమన్‌లో అరేబియా ఓరిక్స్ జింక 1972 నాటికి అడవి నుండి అంతరించింది. విదేశీ జంతుశాలలలో పెంచిన సంతతిని 1982లో తిరిగి స్వేచ్ఛగా విడిచారు. జింక గడ్డి మేస్తే చాలు. చిరుతకైతే ముందు కొండమేకలు కావాలి, మేకలకు మేత కావాలి, మేతకు మంచును పట్టే చెట్లు కావాలి.