కీలు వాచింది... ఎన్నాళ్లు ఆగవచ్చు?

మోకాలు పట్టేసినా, వేళ్ల కణుపులు వాచినా మన ఇళ్లలో మొదట వినిపించే మాట, "వాతం చేసింది, అదే పోతుందిలే" అని. చాలాసార్లు అది నిజమే. మెట్లు ఎక్కినందుకో, బరువు ఎత్తినందుకో వచ్చిన నొప్పి వారం పది రోజుల విశ్రాంతితో తగ్గిపోతుంది. కానీ కారణం తెలియకుండా నొప్పి, దానితోపాటు వాపు వస్తే ఎంతవరకు ఆగవచ్చు? మన సిబ్బంది కుటుంబాలను చూసే వైద్యురాలిగా నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. జవాబును నేను మూడు గడువులుగా చెబుతుంటాను.

అదే రోజు: ఒక కీలు ఉన్నట్టుండి వాచి, ఎర్రబడి, ముట్టుకుంటే వేడిగా ఉండి, కదపలేకపోతే తెల్లవారేదాకా కూడా ఆగవద్దు. జ్వరమో చలో తోడైతే మరీ తొందరపడాలి. కీలులో చీము పట్టి ఉండవచ్చు. వైద్యం అందకపోతే అది కొద్ది రోజుల్లోనే లోపలి మృదులాస్థిని పాడుచేస్తుంది. మధుమేహం ఉన్నవారికి, కీలు మార్పిడి చేయించుకున్నవారికి ఈ ముప్పు ఎక్కువ. కొందరిలో జ్వరం కనిపించకపోవచ్చు కూడా. కాలి బొటనవేలు అర్ధరాత్రి మంటపుట్టినట్టు నొప్పెడితే అది గౌట్ కావచ్చు. అయితే రక్తపరీక్ష ఒక్కటే చూసి ఇంట్లో తేల్చుకోకండి. నొప్పి తీవ్రంగా ఉన్నప్పుడు యూరిక్ యాసిడ్ మామూలుగానే కనిపించవచ్చు. అవసరమైతే వైద్యులు సూదితో కీలులోని నీరు తీసి పరీక్షిస్తారు.

ఒకటి రెండు రోజుల్లో: జ్వరంతోపాటు ఒళ్లంతా కీళ్ల నొప్పులుంటే చికున్‌గున్యా గుర్తుకొస్తుంది. 2006లో అది మన ఊళ్లను ఎలా మంచాన పడేసిందో పెద్దవాళ్లకు తెలుసు. కానీ డెంగీ కూడా ఇలాగే మొదలవుతుంది. డెంగీ కాదని తేలేవరకు డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్ వంటివి సొంతంగా వేసుకోవద్దు, రక్తస్రావం ప్రమాదం ఉంది. తగిన మోతాదులో పారాసిటమాల్ చాలు. పిల్లలకు గొంతునొప్పి వచ్చిన రెండు మూడు వారాలకు ఒక కీలు తగ్గి మరో కీలు వాస్తుంటే వెంటనే చూపించండి. అది రుమాటిక్ జ్వరమైతే కీళ్లు బాగుపడినా గుండె కవాటాలు దెబ్బతినవచ్చు.

ఆరు వారాలు దాటకుండా: నెమ్మదిగా వచ్చే వాపే మనల్ని ఎక్కువగా మోసం చేస్తుంది. రెండు చేతుల వేళ్ల కణుపులు, మణికట్లు వాచి, పొద్దున్నే అరగంటకు పైగా బిగుసుకుపోయి, పని చేసేకొద్దీ సడలుతుంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌ను అనుమానించాలి. ఇది ముసలితనపు జబ్బు కాదు. నడివయసు ఆడవాళ్లలో ఎక్కువ. ఒక ఆఫీసరుగారి భార్య పొద్దున డబ్బా మూత తిప్పలేకపోతూనే, మార్చి క్లోజింగ్ అయ్యాక, పాప పరీక్షలయ్యాక, బదిలీ సంగతి తేలాక అంటూ ఏడాదిన్నర గడిపారు. మందులతో నొప్పి తగ్గింది కానీ రెండు వేళ్ల వంకర మాత్రం అలాగే ఉండిపోయింది.

వాయిదా కట్టకుండా 90 రోజులు దాటిన అప్పు ఏమవుతుందో మన ఇళ్లలో పిల్లలకూ తెలుసు. ఈ జబ్బుకూ దాదాపు అదే లెక్క. మొదటి మూడు నెలల్లో వైద్యం మొదలైతే కీళ్లు పాడవకుండా కాపాడుకునే అవకాశం చాలా ఎక్కువ. ఆర్‌ఏ ఫ్యాక్టర్ నెగెటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదనుకోవద్దు. పాజిటివ్ వచ్చినవారందరికీ జబ్బు ఉన్నట్టూ కాదు. వాపు కొనసాగుతుంటే కీళ్లవాత నిపుణులకు, అంటే రుమటాలజిస్టుకు చూపించండి.

వెళ్లేముందు ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాసుకోండి: ఏ కీలు, ఎప్పటినుంచి, పొద్దున బిగువు ఎంతసేపు, ఏయే మందులు వాడుతున్నారు. వాపు ఎక్కువగా ఉన్నప్పుడు ఫోనులో ఫొటో తీసి ఉంచండి. చూపించుకునే రోజుకు వాపు తగ్గినా అది పనికొస్తుంది. మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి బిళ్లలు నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. బీపీ, షుగరు ఉన్న పెద్దవాళ్ల బిళ్లల డబ్బాలో అవి ఉన్నాయేమో ఈరోజే ఒకసారి చూడండి.