సూది వేసినా పన్ను ఎందుకు మొద్దుబారదు?

పన్ను తీసేటప్పుడు, గాయానికి కుట్లు వేసేటప్పుడు డాక్టరుగారు ముందుగా ఒక సూది వేస్తారు. కొద్ది నిమిషాల్లో ఆ చోటు మొద్దుబారుతుంది. మనం మెలకువగానే ఉంటాం, కాని నొప్పి తెలియదు. అయితే కొందరు "నాకు సూది వేసినా నొప్పి పోలేదండీ" అని చెబుతుంటారు. దీనికి కారణం తెలియాలంటే ముందు మన కణాల చుట్టూ ఉండే పొరను గురించి తెలుసుకోవాలి.

కణపొర అంటే ఏమిటి?

శరీరంలోని ప్రతి కణాన్నీ రెండు వరుసల కొవ్వుతో ఏర్పడిన పలుచని పొర కప్పి ఉంటుంది. ఇది గోడలాగా గట్టిగా ఉండదు, నూనెలాగా కదులుతూ ఉంటుంది. అందులో మాంసకృత్తులు తేలుతూ ఉంటాయి. ఈ సంగతిని 1972లో సింగర్, నికోల్సన్ అనే శాస్త్రవేత్తలు వివరించారు. నరాల కణపొరలో ఉండే కొన్ని మాంసకృత్తులు సోడియంను లోపలికి పంపే తలుపులలాగా పనిచేస్తాయి. ఆ తలుపులు తెరుచుకుంటేనే నొప్పి కబురు నరం వెంట మెదడుకు చేరుతుంది.

మందు ఏమి చేస్తుంది?

ఇందుకు ఎక్కువగా వాడే మందు లిగ్నోకైన్. దీనిని 1943లో స్వీడన్ దేశంలో తయారుచేశారు. ఈ మందు కొవ్వులో కరుగుతుంది. కణపొరలో కలిసినప్పుడు, పేరుకున్న నెయ్యి వెచ్చదనానికి మెత్తబడినట్లు, ఆ పొరను కొంత వదులు చేస్తుంది. పొర ఇలా వదులు కావడం వల్లనే నొప్పి తెలియదని ఒకప్పుడు కొందరు శాస్త్రజ్ఞులు భావించారు. అసలు పని వేరే ఉందని తర్వాత తేలింది. మందు పొరను దాటి నరం లోపలికి వెళ్ళి, అక్కడినుండి సోడియం తలుపులను మూసివేస్తుంది. కబురు అక్కడే ఆగిపోతుంది.

చీము పట్టిన పన్ను సంగతి

చీము, వాపు ఉన్నచోట ఆమ్లగుణం పెరుగుతుంది. అక్కడ మందులో ఎక్కువ భాగం కొవ్వులో కరగని రూపానికి మారిపోతుంది. పొరను దాటలేక నరం బయటే ఉండిపోతుంది. అందుకే సూది సరిగా పనిచేయదు. ఇది రోగి తప్పూ కాదు, డాక్టరు తప్పూ కాదు. అలాంటప్పుడు వాపుకు దూరంగా, నరం మొదట్లో సూది వేయవచ్చు, లేదా ముందు చీము తీయవచ్చు.

మీరు గుర్తుంచుకోవలసినవి

1. పంటినొప్పి మొదలైనప్పుడే రండి. బుగ్గ వాచేదాకా ఆగవద్దు.

2. గుండె జబ్బు, కాలేయ జబ్బు ఉన్నా, ఇదివరకు సూది పడకపోయినా ముందే చెప్పండి.

3. సూది తర్వాత చెవుల్లో హోరు, నోట్లో లోహపు రుచి, కళ్ళు తిరగడం ఉంటే వెంటనే చెప్పండి.

4. మొద్దు వదిలేదాకా వేడి పదార్థాలు తినవద్దు. పిల్లలు తెలియక పెదవి కొరుక్కుంటారు, కనిపెట్టి ఉండండి.

5. చికిత్స మధ్యలో నొప్పి తెలిస్తే ఓర్చుకోకండి. చెయ్యి ఎత్తి చెప్పండి.