అవిసె గింజ: పెద్దల మాట, ప్రయోగశాల మాట

— బి.యస్సీ. (బి.జెడ్.సి.) తృతీయ సంవత్సరం

‘అవిసె’ అనగానే మన కాలేజీలో ఒక్కొక్కరికి ఒక్కొక్కటి గుర్తుకు వస్తుంది. గుంటూరు వైపు మిత్రులకు తమలపాకు తోటల్లో తీగకు ఊతంగా పెంచే చెట్టు గుర్తుకు వస్తుంది. దాని ఆకులు, పూలు కూర వండుకుంటారు. అరకు లోయ చూసి వచ్చినవారు అక్కడ కొండవాలున పసుపుపచ్చగా పూచే వలిసెలనుకుంటారు. నేను వ్రాయబోయేది ఈ రెండింటిని గూర్చి కాదు. మొదటిది సెస్బానియా గ్రాండిఫ్లోరా, చిక్కుడు కుటుంబం. రెండవది గైజోషియా అబిస్సినికా, పొద్దుతిరుగుడు కుటుంబం. నా వ్యాసానికి విషయం నీలిపూలు పూచే నూనెగింజ అవిసె. సంస్కృతంలో అతసి, హిందీలో అలసి, మరాఠీలో జవస, కన్నడంలో అగసె. 1753లో లిన్నేయస్ దీనికి లైనమ్ యూసిటాటిస్సిమమ్ అని పేరు పెట్టాడు. లాటిన్‌లో ఆ రెండవ మాటకు ‘మిక్కిలి ఉపయోగపడేది’ అని అర్థం.

నేను రైతుబిడ్డను. మాది జహీరాబాదు వైపు నల్లరేగడి నేల. యాసంగిలో శనగ చేనులో నడుమ నడుమ అవిసె సాళ్లు వేసేవారని మా నాయన చెప్తాడు. వేరే నీరు పెట్టే పని లేదు. రేగడిలో మిగిలిన తేమ, రాత్రి కురిసే మంచు చాలు. ఛత్తీస్‌గఢ్‌లో ఇంకొక పద్ధతి ఉంది. వరి కోయకముందే తడి ఆరని మడిలో అవిసె గింజ చల్లుతారు. వరి కోసేనాటికి మొలకలు లేచి ఉంటాయి. దీనిని ‘ఉతేరా’ అంటారు. అవిసె పువ్వు ప్రొద్దున విచ్చుకుంటుంది, మధ్యాహ్నానికల్లా రేకులు రాలిపోతాయి. కాయలో అయిదు గదులు, గదికి రెండేసి గింజలు. అన్నీ నిండితే పది.

ఇంత చిన్న గింజ చుట్టూ ఇన్ని వాడుకలూ, ఇన్ని నమ్మకాలూ ఎందుకు పుట్టాయి? నాకు తోచిన జవాబు ఇది. ఈ మొక్కలో మూడు వస్తువులున్నాయి. కాడలో నార, గింజ తొక్కలో జిగురు, పప్పులో నూనె. పెద్దల మాటల్లో చాలావాటిని ఈ మూడింటిలో ఒకదాని కింద పెట్టి చూడవచ్చు.

నార

కాడను నీటిలో కుళ్లబెట్టి తీసిన నారతో నేసిన బట్టే లినెన్. మన ప్రాచీన గ్రంథాల్లో కనిపించే ‘క్షౌమం’ ఇదేనంటారు. ఈజిప్టు వారు మమ్మీలకు చుట్టింది ఈ బట్టనే. జార్జియా దేశంలోని ద్జుద్జువానా గుహలో సుమారు 30,000 ఏళ్ల నాటి అవిసె నార పోగులు దొరికాయని 2009లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అవి సాగు చేసినవి కావు, అడవి అవిసెవి. ఇంగ్లీషులో మనం రోజూ వాడే ‘లైన్’ అనే మాట కూడా అవిసె దారానికి ఉన్న లాటిన్ పేరు నుండే వచ్చింది.

యూరపులో ఈ పంటను నార కోసం పెంచారు. కాడ ఎంత పొడవైతే నార అంత పొడవు. అందుకే అక్కడి నమ్మకాలు చాలావరకు పొడవు చుట్టూనే తిరుగుతాయి. జర్మనీ పల్లెల్లో నడివేసవి పండుగనాడు మంట మీదుగా ఎంత ఎత్తు దూకితే అవిసె అంత ఎత్తు పెరుగుతుందని నమ్మేవారు. ఇటలీ రచయిత బాసిలే కథల్లో నిద్రపోయే రాకుమారికి గోటిలో గుచ్చుకునేది అవిసె నార పుల్లే. ఇంటింటా ఆడవాళ్లు రాత్రింబగళ్లు ఆ నార వడికిన కాలంలో అది ఎవరికీ వింతగా తోచి ఉండదు.

మన దేశంలో ఎక్కువగా గింజ కోసమే పెంచాం. మన రకాలు పొట్టివి, కొమ్మలు ఎక్కువ. పువ్వు నీలిరంగును విష్ణుమూర్తి మేనిఛాయతో పోల్చారు. మిగతా మాటలన్నీ రోలు చుట్టూ, పుండు చుట్టూ, పశువుల కొట్టం చుట్టూ పుట్టాయి.

జిగురు

ఒక చెంచాడు గింజలు గ్లాసు నీళ్లలో వేసి అరగంట ఆగి చూడండి. గింజ చుట్టూ చిక్కని జిగురు పొర కడుతుంది. తొక్కలోని పాలీసాకరైడులు నీటిని పట్టుకోవడమే దీనికి కారణం. మలబద్ధకానికి నానబెట్టిన అవిసెలు మ్రింగమని పెద్దలు చెప్పడంలో న్యాయం ఉంది. ఆ జిగురూ పీచూ ప్రేగులో నీటిని నిలిపి మలాన్ని మెత్తబరుస్తాయి. అయితే నీళ్లు దండిగా తాగాలి. లేకుంటే అదే జిగురు లోపల అడ్డుపడగలదు. మందుబిళ్లలతో కలిపి తీసుకుంటే బిళ్ల ఒంటబట్టడం ఆలస్యం కావచ్చు గనుక రెంటికీ నడుమ వ్యవధి ఉండాలి.

గడ్డ లేస్తే అవిసెపిండి ఉడికించి, గోరువెచ్చగా గుడ్డలో పెట్టి కట్టడం మన ఊళ్లలోనూ ఉంది, యూరపులోనూ ఉంది. జిగురు నీటిని పట్టుకుంటుంది, నీరు వేడిని పట్టుకుంటుంది. ఆ వేడికి అక్కడ రక్తప్రసరణ పెరిగి, చర్మం మెత్తబడి, గడ్డ పక్వానికి వస్తుంది. ఇది కాపడం. సూక్ష్మజీవిని చంపే మందు మాత్రం కాదు.

ఈ తేడా తెలియక మా ఇంట్లోనే నష్టం జరిగింది. మా పెదనాయనకు షుగరు జబ్బు. కాలి బొటనవేలికి పుండు లేస్తే నెలరోజులు అవిసె పట్టు కట్టుకుంటూ కూర్చున్నాడు. షుగరు వల్ల కాలికి స్పర్శ తగ్గింది కనుక నొప్పి తెలియలేదు, పట్టు గుణమిచ్చిందనుకున్నాడు. ఆసుపత్రికి పోయేసరికి వేలు తీసేయక తప్పలేదు. “మా నాయనకు తగ్గింది గద బిడ్డా, నాకెందుకు తగ్గలే?” అని నన్ను అడిగాడు. తాతకు వచ్చింది సెగగడ్డ, నీకు వచ్చింది షుగరు పుండు అని చెప్పాను. మందు ఒకటే అయినా జబ్బు ఒకటి కాదు. ఈ వ్యాసం వ్రాయాలనిపించడానికి ఆ ప్రశ్నే కారణం.

నూనె

గింజ బరువులో రమారమి 40 శాతం నూనె. అందులో సగానికి పైగా ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం. దీని అణువులో మూడు ద్విబంధాలుంటాయి. గాలిలోని ఆమ్లజని ఆ బంధాల దగ్గర చేరి అణువులను ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. అందుకే ఈ నూనె పల్చగా పూస్తే పొరలా గట్టిపడుతుంది. చిత్రకారుల ఆయిల్ రంగులూ, కిటికీ అద్దాలకు పెట్టే లప్పం, వడ్రంగులు చెక్కకు పూసే నూనె, మన క్రికెట్ టీమువారు బ్యాటుకు పట్టించే లిన్‌సీడ్ ఆయిల్, అన్నీ ఈ గుణం మీద ఆధారపడినవే. ఈ చర్యలో వేడి పుడుతుంది. నూనె తుడిచిన గుడ్డలు కుప్పగా పడవేస్తే వాటంతటవే అంటుకోగలవు. బ్యాటు తుడిచిన గుడ్డను ఆరుబయట పరచి ఆరబెట్టండి.

ఆ ఆమ్లజని కథే వంటింట్లోనూ నడుస్తుంది. మా నాయనమ్మ అవిసెలు దోరగా వేయించి, ఎండుమిర్చి, వెల్లుల్లి, ఉప్పు వేసి దంచుతుంది. జొన్నరొట్టెకు అంతకంటె జోడీ లేదు. ధార్వాడలోనూ, విదర్భలోనూ ఇదే పొడి ఉంది. ఆమె పెట్టిన నియమాలు రెండు. “పచ్చివి నూరొద్దు. వారానికి సరిపోనే దంచు.” రెండింటికీ కెమిస్ట్రీలో జవాబు ఉంది. పచ్చి గింజలో సయనైడును విడుదల చేయగల గ్లైకోసైడులు కొద్దిగా ఉన్నాయి. వేయిస్తే వాటిని విడగొట్టే ఎంజైము దెబ్బతింటుంది. ఇక దంచిన పొడికి గాలి తగిలితే నూనె చెడి కారు వాసన వస్తుంది. దంచకుండా మ్రింగిన గింజ చాలావరకు అరగకుండానే బయటికి పోతుంది గనుక దంచడమూ అవసరమే.

పశువులకూ ఇదే సూత్రం. ఈనిన ఆవుకు అవిసె జావ, పాడి పశువుకు అవిసె చెక్క, కడుపు ఉబ్బితే అవిసె నూనె పట్టించడం రైతులకు తెలిసినవే. కాని చెక్కను చల్లనీటిలో నానబెట్టి అట్లే పెట్టరాదు. ఆ తడిలోనే ఎంజైము పని మొదలుపెడుతుంది. బాగా ఉడికించి పెట్టడమే క్షేమం.

ఈనాడు ఇదే గింజ పట్నం దుకాణాల్లో అందమైన పొట్లాల్లో అమ్ముతున్నారు. చేపనూనెకు సమానమని కొందరు, సర్వరోగ నివారిణి అని కొందరు అంటారు. ఇందులోని ఆమ్లాన్ని చేపనూనెలో ఉండే ఆమ్లాలుగా మన శరీరం కొద్ది మేరకే మార్చగలదు. ఇది మంచి ఆహారం. అన్ని జబ్బులకూ మందు అనడం అతిశయోక్తి. పెదనాయన వేలు అటువంటి నమ్మకానికే పోయింది.

మిత్రులారా, పాతదంతా మూఢనమ్మకమని కొట్టివేయడం సులభం. పాతదంతా విజ్ఞానమని పొంగిపోవడం ఇంకా సులభం. నాయనమ్మ నియమాలు ప్రయోగశాల ముందు నిలిచాయి, పుండుకు కట్టిన పట్టు నిలవలేదు. రెండూ ఒకే ఇంటి మాటలే. వాటిని విడదీసి చూపడం సైన్సు చదివే మన పని.

మా చేనులో ఇప్పుడు అవిసె సాళ్లు లేవు. పత్తి వచ్చింది, శనగ పోయింది, దానితో ఇదీ పోయింది. పంట పోతే కొన్నేళ్లకు దాని మాటా పోతుంది. అందుచేత నాది ఒక మనవి. ఈ వేసవి సెలవుల్లో ఇళ్లకు వెళ్లినప్పుడు ఒక నోటుబుక్కు వెంట తీసుకుపోండి. ఎడమ పేజీలో అవ్వలూ తాతలూ ఏ గింజను గూర్చి ఏమి చెప్తే అది వాళ్ల మాటల్లోనే వ్రాయండి. కుడి పేజీ ఖాళీగా ఉంచండి. కాలేజీ తెరిచాక మన లెక్చరర్ల సహాయంతో, మన ప్రయోగశాలలోనే, తేలినంతవరకు దానిని పూరిద్దాం.