చప్పుడు లేని బండి

మాదాపూరు, గచ్చిబౌలి, కొండాపూరు ప్రాంతాలు ఒకనాడు రాతిగుట్టలకు, చెరువులకు నెలవు. 1998 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించిన పిమ్మట ఆ గుట్టల నడుమ ఒక కొత్త నగరం వెలసింది. ఉద్యోగాలు వచ్చాయి. వాటి వెంట మేడలు, మేడల వెంట వాహనాలు వచ్చాయి. సాయంకాలం వేళ సైబర్ టవర్స్ కూడలి దాటడానికి పట్టే సమయాన్ని అక్కడి ఉద్యోగులు నిట్టూర్పులతో కొలుస్తారనడం అతిశయోక్తి కాదు.

ఆ రద్దీలో ఆకుపచ్చని నంబరు పలక గల స్కూటర్లు కొన్నేళ్ళుగా కనిపిస్తున్నాయి. పలక మీద తెల్లని అంకెలుంటే అది సొంత వాహనం, పసుపు అంకెలుంటే కిరాయికి తిరిగేది. ఇవి విద్యుత్తుతో నడిచే బండ్లు. వీటికి పొగ లేదు, చప్పుడు లేదు. తెలంగాణ ప్రభుత్వం 2020 అక్టోబరు 30న విద్యుత్ వాహన విధానాన్ని ప్రకటించి, మొదటి రెండు లక్షల ద్విచక్ర వాహనాలకు రహదారి పన్ను, రిజిస్ట్రేషను రుసుము మినహాయించింది. 2024 నవంబరు 18 నుండి ఆ సంఖ్యా పరిమితిని తొలగించి, 2026 డిసెంబరు 31 వరకు మినహాయింపును పొడిగించింది.

పన్ను మినహాయింపు బండిని కొనిపించగలదు గాని, ఇరుగుపొరుగుల భయాన్ని పోగొట్టలేదు. విద్యుత్ స్కూటరు కొన్న వ్యక్తికి మొదటి పరీక్ష రోడ్డు మీద కాదు, తాను నివసించే అపార్ట్‌మెంటు సెల్లారులో ఎదురవుతుంది. అక్కడ ఒక ప్లగ్గు కావాలని అడిగిన మరుక్షణం అసోసియేషను సమావేశంలో రెండు ప్రశ్నలు పుడతాయి. కరెంటు ఖర్చు ఎవరిది? నిప్పు అంటుకుంటే బాధ్యత ఎవరిది?

మొదటి ప్రశ్నకు సమాధానం సులభమే. యజమాని తన ఇంటి కనెక్షను నుండే వాహనానికి ఛార్జింగు చేసుకోవచ్చునని కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరిలో జారీచేసిన మార్గదర్శకాలు స్పష్టం చేశాయి. సాధారణ స్కూటరు బ్యాటరీ పూర్తిగా నిండడానికి నాలుగు యూనిట్లకు మించి పట్టదు. ఛార్జరు లాగే విద్యుత్తు ఇంచుమించు ఒక ఇస్త్రీపెట్టెకు కావలసినంతే.

రెండవ ప్రశ్నను నవ్వి కొట్టిపారేయరాదు. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాదులో విద్యుత్ స్కూటర్ల షోరూము ఉన్న భవనంలో అగ్నిప్రమాదం సంభవించింది. మెట్ల మార్గమంతా దట్టమైన పొగ కమ్ముకొన్నది. పై అంతస్తులలోని లాడ్జిలో బసచేసిన ఎనిమిది మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ వార్త చదివిన ఒక తల్లి తన పిల్లలు నిద్రించే గది క్రింద బ్యాటరీలు ఉండరాదని పట్టుబడితే అది అజ్ఞానం అనలేము. లిథియం అయాన్ బ్యాటరీలో ఎన్నో చిన్న ఘటాలు ఉంటాయి. ఒక ఘటంలో దోషం ఏర్పడి మితిమీరి వేడెక్కితే, ఆ వేడి ప్రక్క ఘటానికి, దాని నుండి మరొకదానికి పాకుతుంది. దీనిని అరికట్టడానికి ఏఐఎస్-156 అనే భద్రతా ప్రమాణాన్ని సవరించి, 2022 డిసెంబరు నుండి రెండు దశలలో అమలులోకి తెచ్చారు. అయినా ప్రమాణం కాగితం మీద ఉంటే చాలదు. ఎండలో తిరిగి వచ్చిన బండిని చల్లారనీయకుండా ఛార్జింగుకు పెట్టడం, కంపెనీ ఇచ్చిన ఛార్జరును కాదని చౌకదానిని వాడడం, మెట్ల క్రింద బండి నిలపడం వంటివి మానవలసింది వాడుకదారుడే.

అందుచేత విద్యుత్ వాహనదారులు తమలో తాము కలిసి షికార్లు చేయడంతో తృప్తిపడితే సమాజానికి ఒరిగేది స్వల్పం. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ తీరాన భారతదేశంలో తొలి ఫార్ములా-ఇ పోటీ జరిగింది. ఆ వారంలోనే మాదాపూరులోని హైటెక్స్ ప్రాంగణంలో విద్యుత్ వాహనాల ప్రదర్శన ఏర్పాటైంది. ఆ సందడి కనులపండువే. అయితే సెల్లారులో పదిమందిని కూర్చోబెట్టి, ఛార్జరును చేతికిచ్చి, మీటరు చూపి, మెట్లకు దూరంగా ప్లగ్గు ఎక్కడ పెట్టాలో వారినే నిర్ణయించమని అడిగే గంటసేపటి సంభాషణ అంతకంటె ఎక్కువ పని చేస్తుంది. ఆ సంభాషణలో నిజాయితీ కూడా అవసరం. ఈ బండి తాను పొగ చిమ్మదు. కాని దానిలో నింపే విద్యుత్తులో చాలాభాగం బొగ్గు మండించగా వచ్చినదే. మాదాపూరులో కనబడని పొగ రామగుండంలోనో పాల్వంచలోనో లేస్తున్నది. ఈ సంగతిని దాచే ప్రచారకుడు ఎవరినీ ఎక్కువకాలం ఒప్పించలేడు.

బండి తాళం ఇతరుల చేతికివ్వడం ఇంకొక మార్గం. హైదరాబాదుకు చెందిన జయభారతి వృత్తిరీత్యా వాస్తుశిల్పి, మోటారు సైకిలు యాత్రికురాలు. 2018లో మరి ముగ్గురు మహిళలతో కలిసి ఆమె భారతదేశం నుండి మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం దేశాల మీదుగా ఇంచుమించు 17 వేల కిలోమీటర్లు ప్రయాణించారు. ఆ కీర్తితో ఆగిపోకుండా ‘మోవో’ అనే సంస్థను స్థాపించి, మహిళలకు ద్విచక్ర వాహనాలు, విద్యుత్ ఆటోలు నడపడంలో శిక్షణ ఇప్పించారు. 2021లో మహిళలను ఈ దిశగా ప్రోత్సహించడానికి దేశంలోని 20 నగరాల గుండా యాత్ర చేశారు. బస్సు దిగిన తరువాత ఇంటికి చేరే చివరి రెండు కిలోమీటర్ల దూరం, ఉద్యోగం మానుకోవడానికి ఎందరు స్త్రీలకు కారణమైందో తలచుకొంటే ఈ శిక్షణ విలువ తెలుస్తుంది. గేర్లు, కిక్కు లేని విద్యుత్ స్కూటరు కొత్తగా నేర్చుకొనేవారికి చాలా అనువు.

ఇక పసుపు అంకెల బండ్ల సంగతి. మధ్యాహ్నం భోజనపు పొట్లాలు, రాత్రి సరుకుల సంచులు మోసుకొని హైటెక్ సిటీ మేడల చుట్టూ తిరిగే యువకులలో ఎందరో విద్యుత్ స్కూటరును అద్దెకు తీసుకొని నడుపుతున్నారు. ఇంజనీరుకు బండి ఒక అభిరుచి, వీరికి ఆ పూట కూలి. ఇంజనీరుకు సెల్లారులో ప్లగ్గు దొరుకుతుంది. అదే గేటు ముందు బ్యాటరీ అడుగంటిన కుర్రవాడు మాత్రం బండి నెట్టుకొంటూ పోవలసి వస్తుంది. కాపలాదారు గది గోడకు ఒక ప్లగ్గు, దానికొక చిన్న మీటరు, వాడుకొన్నవారి నుండి యూనిట్ల లెక్కన సొమ్ము వసూలు చేయడం అసాధ్యమైన ఏర్పాట్లేమీ కావు. అయితే అందుకు అసోసియేషను సమావేశంలో ఎవరో ఒకరు లేచి, తన బండి కోసం కాక ఆ కుర్రవాని బండి కోసం మాట్లాడవలసి ఉంటుంది.