క్రొమార్టీ: ఒక రాతిపనివాని ఊరు
(ద్వితీయ బి.యస్సీ. విద్యార్థి)

మాది మెట్ట వ్యవసాయం. వానలు పడని ఏడు మా అన్న బండల గనికి కూలికి పోతాడు. గత వేసవి సెలవుల్లో నేను ఇంట్లో ఉండగా అన్న ఒక నాపరాయి పలక తెచ్చి నా ముందు పెట్టాడు. దాని మీద నల్లగా, అచ్చు గుద్దినట్లు, కొమ్మలూ రెమ్మలతో ఒక చిన్న మొక్క!

"ఏం చెట్టురా అబ్బీ ఇది? నువ్వు రాళ్ళ చదువే కదా చదివేది" అన్నాడు.

చుట్టూ నలుగురు ఉన్నారు. తెలియదనడానికి నామోషీ అయింది. "శిలాజం. కోట్ల ఏండ్లనాటి మొక్క" అనేశాను. కాలేజీకి తెచ్చి చూపిస్తే మా లెక్చరరు గారు నవ్వి, "ఇది మొక్క కాదయ్యా, రాతి పగుళ్ళలోకి దిగిన నీరు వదిలిన మాంగనీసు మరక. దీన్ని డెండ్రైటు అంటారు" అని చెప్పి, హ్యూ మిల్లర్ గురించి చదవమన్నారు. అలా నాకు పరిచయమైన ఊరు క్రొమార్టీ. ఆ ఊరు నేను చూడలేదు. చదివి తెలుసుకున్నది మిత్రులకు మనవి చేస్తున్నాను.

క్రొమార్టీ స్కాట్లండు ఉత్తర భాగంలో, తూర్పు తీరాన, బ్లాక్ ఐల్ కొసన ఉన్నది. 'నల్ల దీవి' అన్నది పేరుకే, నిజానికది ద్వీపకల్పం. ఊరి జనాభా వెయ్యికి లోపే. పక్కనే లోపలికి చొచ్చుకొని పోయిన సముద్రపు పాయ, దాని ముఖద్వారానికి అటొకటి ఇటొకటి రెండు కొండలు. వీటిని సూటర్లు అంటారు. అంటే చెప్పులు కుట్టేవారని అర్థం. పూర్వం ఇద్దరు మహాకాయులు ఈ కొండల మీద కూర్చుని, ఉన్న ఒక్క జత పనిముట్లనే ఇటు నుంచి అటు విసురుకుంటూ చెప్పులు కుట్టేవారట!

1772లో జార్జి రాస్ అనే ధనికుడు ఈ ఎస్టేటు కొన్నాడు. రేవు బాగు చేయించాడు, కోర్టు భవనం కట్టించాడు, ఓడల్లో వచ్చిన నారతో గోనెగుడ్డ నేసే ఫ్యాక్టరీ పెట్టించాడు. పనికోసం వలస వచ్చిన గేలిక్ భాషవారికి కొండ మీద ప్రత్యేకంగా ఒక ప్రార్థనాలయం కూడా వెలసింది. అయితే 1860లలో రైలు దారి పాయకు ఆవలి ఒడ్డున సాగిపోయింది. వ్యాపారమూ దానితోపాటే పోయింది. తరువాత క్రొమార్టీకి రైలు వేయడం మొదలుపెట్టినా మొదటి ప్రపంచయుద్ధంతో అదీ ఆగిపోయింది. డబ్బు పోయిన ఊళ్ళో పాత ఇళ్ళు పడగొట్టి కొత్తవి కట్టేవారెవరు? అందుకే పద్దెనిమిదో శతాబ్దపు వీధులు చాలావరకు అలాగే మిగిలాయి. ఇప్పుడు యాత్రికులు వచ్చేది వాటిని చూడటానికే!

హ్యూ మిల్లర్ 1802లో ఇక్కడే ఒక పూరింట్లో పుట్టాడు. ఓడ నడిపే తండ్రి 1807లో సముద్రంలో పోయాడు. పదిహేడో ఏట మిల్లర్ సుత్తి, ఉలి పట్టి రాతిపనిలో చేరాడు. 1830 ప్రాంతంలో ఊరి తీరాన గుండ్రాళ్ళు పగలగొడుతుంటే లోపల చేపలు కనబడ్డాయి. అవి 38 కోట్ల ఏండ్లకు పైబడినవి. వాటిలో ఒకదానికి ఒంటినిండా కవచం, రెక్కల వంటి చేతులు. అదేమిటో అతనికి తెలియలేదు. తెలుసునని చెప్పనూ లేదు. దాచిపెట్టాడు, పోల్చి చూశాడు, తెలిసినవారిని అడిగాడు. చివరకు స్విస్ శాస్త్రజ్ఞుడు లూయీ అగాసీ ఆ చేపకు మిల్లర్ పేరే పెట్టాడు. 1841లో వచ్చిన మిల్లర్ పుస్తకం 'ది ఓల్డ్ రెడ్ శాండ్‌స్టోన్' సామాన్య పాఠకులు కూడా చదివారు. కాని రాతిదుమ్ము వయసులోనే అతని ఊపిరితిత్తులను చెరిచింది. 1856లో జబ్బుతో, మనోవ్యాకులతతో తన ప్రాణం తానే తీసుకున్నాడు.

అతడు పుట్టిన పూరిల్లు, పక్కనే తండ్రి కట్టించిన పెద్ద ఇల్లు నేడు మ్యూజియములు. కోర్టు భవనంలో ఊరి చరిత్ర ప్రదర్శన ఉన్నది. శిథిలమైన గేలిక్ ప్రార్థనాలయం పక్కన ఎత్తైన స్తంభం మీద మిల్లర్ విగ్రహం, 1859 నాటిది, నిలిచి ఉన్నది. 1846 నాటి దీపస్తంభం 2006లో ఆరిపోయింది. ఇప్పుడక్కడ అబర్డీన్ విశ్వవిద్యాలయం వారు డాల్ఫిన్లను అధ్యయనం చేస్తున్నారు. తీరం నుంచే డాల్ఫిన్లు కనబడతాయట.

ఆ గుండ్రాళ్ళు మిల్లర్‌కు ముందు ఎందరి కాళ్ళకు తగల్లేదు! ఆగి, "ఇదేమిటి?" అన్నవాడు మిల్లర్. మా ఇంట్లో ఆ మాట అన్నది మా అన్న. చదువుకుంటున్న నేను మాత్రం దాన్ని అబద్ధంతో మూసేశాను.

ఈ సంక్రాంతికి పలక తిరిగి తీసుకుపోతున్నాను. ఆ నలుగురి ముందే "అది మొక్క కాదన్నా, నేను తప్పు చెప్పాను" అని చెప్పాలి. ఇంకొకటి కూడా చెప్పాలి. అన్న ఈ మధ్య రాత్రిళ్ళు దగ్గుతున్నాడు. రాయిని నీళ్ళతో తడిపి కొడితే దుమ్ము అంతగా లేవదు.