పెంపుడు జంతువులకు వైద్యుని ఎంపిక, చికిత్స వ్యయ నిర్వహణ: పాతబస్తీ ఉప్పుగూడ నేపథ్యంలో ఒక విస్తరణ పాఠం

పశువైద్య విస్తరణ అనగానే పాడిగేదె, గొర్రెల మంద, పెరటికోడి గుర్తుకు రావడం సహజం. ప్రచార సామగ్రి, క్షేత్ర సిబ్బంది, శిక్షణ పాఠాలు అన్నీ వాటి చుట్టూ ఏర్పడినవే. కాచిగూడ నుంచి ఫలక్‌నుమాకు పోయే రైలు మార్గంలో యాకుత్‌పురా తరువాత వచ్చే ఉప్పుగూడ వంటి బస్తీలో పరిస్థితి వేరు. లాల్‌దర్వాజా, ఛత్రినాక ప్రాంతాలకు చేరువలో, ఇళ్లు ఒకదానికొకటి ఆనుకొని ఉండే ఇటువంటి చోట జంతువు ఉండేది కొట్టంలో కాదు. మేడమీద, వాకిట్లో, మంచం కింద. పావురాల పెంపకం పాతబస్తీకి పాత అలవాటు. చార్మినార్ సమీపంలోని మహబూబ్ చౌక్‌కు ముర్గీ చౌక్ అన్న పేరు రావడానికి అక్కడి కోళ్ల, పక్షుల అమ్మకమే కారణం. వీటికి తోడు పొడవాటి బొచ్చు గల పర్షియన్ పిల్లులు, పామరేనియన్లు, లాబ్రడార్లు, వీధిలో పుట్టి ఇంట్లో చేరిన నాటు కుక్కలు ఉంటాయి.

ఈ జంతువులకు, గేదెకు ఆర్థికంగా ఒక మౌలిక భేదం ఉంది. గేదె జబ్బుపడితే రైతు చికిత్స ఖర్చును గేదె ధరతో, అది ఇవ్వబోయే పాలతో పోల్చి చూస్తాడు. లెక్క కఠినమైనదే అయినా లెక్కంటూ ఒకటి ఉంది. పెంపుడు పిల్లి విషయంలో అటువంటి కొలమానం లేదు. వీధిలో ఊరికే దొరికిన పిల్లి మీద కుటుంబం నెల సంపాదన ఖర్చు చేయవచ్చు. వేలు పోసి కొన్న కుక్కపిల్లను మూడో రోజు చికిత్స దగ్గర వదులుకోవచ్చు. నిర్ణయం జరిగేది చాలాసార్లు రాత్రివేళ, పిల్లలు ఏడుస్తుండగా, వైద్యుని బల్ల ముందు. ఆ సమయంలో బేరసారాలకు గాని, విచారణకు గాని వీలుండదు. కాబట్టి వైద్యుని ఎంపిక, ఖర్చుల నిర్ణయం రెండూ జంతువు ఆరోగ్యంగా ఉన్నప్పుడే జరగవలసినవి. పట్టణ విస్తరణ కార్యకర్త చెప్పవలసిన మొదటి మాట ఇదే.

వైద్యుడు ఎవరు?

భారత పశువైద్య మండలి చట్టం, 1984 ప్రకారం గుర్తింపు పొందిన పట్టా కలిగి, రాష్ట్ర పశువైద్య మండలిలో పేరు నమోదు చేయించుకున్నవారే పశువైద్య వృత్తి చేయడానికి అర్హులు. ఆ పట్టా బి.వి.ఎస్సి. అండ్ ఎ.హెచ్.; ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నర సంవత్సరాల చదువు. ప్రభుత్వం అనుమతించిన చిన్నపాటి సేవలను శిక్షణ పొందిన సహాయకులు చేయవచ్చు. అదీ నమోదైన వైద్యుని పర్యవేక్షణలోనే. మందుల చీటీ మీద, టీకా కార్డు మీద వైద్యుని పేరుతోపాటు నమోదు సంఖ్య ఉన్నదా లేదా అని చూడడం యజమానికి ఉన్న తేలికైన పరీక్ష. సంఖ్య అడిగినందుకు నిజమైన వైద్యుడు నొచ్చుకోడు.

బస్తీలలో జంతువులు అమ్మే దుకాణదారు, కుక్కలకు తర్ఫీదు ఇచ్చేవాడు, ఒకప్పుడు ఏదో ఆసుపత్రిలో పనిచేసిన మనిషి సూది వేయడం కొత్త సంగతి కాదు. వారు దగ్గరలో ఉంటారు, పిలవగానే వస్తారు, తక్కువ తీసుకుంటారు. ఆ సూదిలో తరచుగా స్టెరాయిడ్, జ్వరం మందు, ఏదో ఒక యాంటిబయోటిక్ కలిసి ఉంటాయి. సాయంత్రానికి జంతువు లేచి తిరుగుతుంది, యజమానికి నమ్మకం కుదురుతుంది. లోపలి వ్యాధి మాత్రం ముదురుతూనే ఉంటుంది. నాలుగు రోజుల తరువాత అసలు వైద్యుని దగ్గరకు చేరేసరికి లక్షణాలు మరుగునపడి, పరీక్షల సంఖ్య పెరిగి, మొదట మిగిలిందనుకున్న డబ్బుకు అనేక రెట్లు ఖర్చవుతుంది. దీన్ని యజమాని అజ్ఞానంగా కొట్టివేయడం విస్తరణ శాస్త్రవేత్తకు తగదు. సామీప్యం, పరిచయం, ధర ముందే తెలియడం అనే మూడు సౌకర్యాలను ఆ మనిషి ఇస్తున్నాడు. అర్హుడైన వైద్యుడు ఇవ్వలేకపోతున్నాడు. సందేశం పనిచేయాలంటే ఈ మూడింటికీ సమాధానం చూపాలి.

ఉప్పుగూడ వాసికి అందుబాటులో ఉన్న మార్గాలు తక్కువేమీ కావు. నారాయణగూడలో పశుసంవర్థక శాఖ వారి సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. ఫలక్‌నుమా, ఆరాంఘర్ మీదుగా వెళితే రాజేంద్రనగర్‌లో పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయపు కళాశాల, దాని బోధనాసుపత్రి ఉన్నాయి. బోధనాసుపత్రిలో విద్యార్థులు చుట్టూ చేరడం, ఒకే ప్రశ్న ఇద్దరు ముగ్గురు అడగడం, నిరీక్షణ తప్పవు. వివిధ విభాగాల నిపుణులు ఒకేచోట దొరకడం, ఖర్చు అదుపులో ఉండడం దానికి ప్రతిఫలం. ఎముక విరిగినప్పుడు, నెలల తరబడి తగ్గని చర్మవ్యాధికి, పెద్ద శస్త్రచికిత్సకు ఆ ప్రయాణం లాభమే. వాంతులతో నీరసించిన రెండు నెలల కుక్కపిల్లను ఆటోలో అంత దూరం తీసుకుపోయి వరుసలో కూర్చోబెట్టడం లాభం కాదు. కనుక ఆచరణలో ఇద్దరు వైద్యులు అవసరం: ఇంటికి దగ్గరలో జంతువు చరిత్ర తెలిసిన ఒక నిత్య వైద్యుడు, ఆయన పంపించగల ఒక పెద్ద ఆసుపత్రి. 1962 నంబరు సంచార వైద్య వాహనాలు ప్రధానంగా పల్లెల్లోని పాడి పశువుల కోసం ఏర్పాటైనవి; బస్తీ పిల్లికి అవి వస్తాయని ఆశ పెట్టరాదు.

నిత్య వైద్యుని ఎంచుకునేందుకు మొదటి టీకా రోజే తగిన సందర్భం. ఆయన జంతువును తూచి బరువు రాశాడా, నోరు, చెవులు, గుండె పరీక్షించాడా, టీకా శీతల పెట్టెలోంచి తీశాడా, సీసా మీది అంటింపును కార్డులో అతికించి గడువు తేదీ చూపాడా అన్నది గమనించాలి. టీకాలు సాధారణంగా 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ నడుమ నిలువ ఉండాలి. మే నెల ఎండలో జేబులో తెచ్చిన టీకా చవకైనా నీళ్ల సూదితో సమానం. రాత్రివేళ తాను అందుబాటులో లేకపోతే ఎవరి దగ్గరకు వెళ్లాలో చెప్పగలడా అన్నది కూడా ఆనాడే అడగాలి.

ఖర్చు ఎక్కడ పుడుతుంది?

పెద్ద బిల్లులలో అధికభాగం నివారించదగిన వ్యాధులవే. పార్వో ఇందుకు స్పష్టమైన ఉదాహరణ. తల్లిపాల ద్వారా వచ్చిన రోగనిరోధక పదార్థాలు కుక్కపిల్లను కొంతకాలం కాపాడుతాయి. అవే టీకాను కూడా పనిచేయనీయవు. అవి ఏ వారంలో తగ్గిపోతాయో ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్క విధం. అందుకే 6–8 వారాల వయసులో మొదలుపెట్టి, 2 నుంచి 4 వారాల ఎడంతో, 16 వారాలు నిండేవరకు టీకా మళ్లీ మళ్లీ ఇస్తారు. “ఒక సూది వేయించాం కదా” అని యజమాని ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే. ఈ కారణం వివరిస్తే ఆగడు. పార్వో వచ్చాక సెలైన్, వాంతులు ఆపే మందులు, రోజుల తరబడి పరిచర్య కావాలి. ఆపైన ఆ క్రిమి ఇంటి నేలలో నెలల తరబడి బతికి తరువాత తెచ్చిన పిల్లకూ సోకుతుంది.

గోమార్లు లేదా పిడుదుల ద్వారా వచ్చే ఎర్లీకియా, బబీసియా జ్వరాలు హైదరాబాదు కుక్కలలో తరచుగా కనిపించేవే. నెలనెలా వాడే గోమార్ల నివారణ మందు యజమానికి అనవసర ఖర్చుగా తోస్తుంది. ఎర్లీకియా ముదిరితే రక్తఫలకికలు పడిపోయి, ఒక్కొక్కప్పుడు రక్తమే ఎక్కించవలసి వస్తుంది. తొలిదశలో గాజుపలక మీద రక్తపు పూతను సూక్ష్మదర్శినిలో చూడడం, రక్తకణాల లెక్క అనే చిన్న పరీక్షలతో దారి దొరకవచ్చు. తరువాత డాక్సీసైక్లిన్ సుమారు 28 రోజులు ఇస్తారు. వారంలో కుక్క హుషారైందని మందు ఆపివేయడం ఇక్కడి సాధారణ పొరపాటు.

శస్త్రచికిత్స చేయించని ఆడకుక్కలకు, ఆడపిల్లులకు వయసు మీదపడ్డాక గర్భాశయంలో చీము చేరవచ్చు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ముందుగా కుదుర్చుకున్న రోజున చేసే సంతాన నిరోధక శస్త్రచికిత్సకు, చీము పట్టి జ్వరంతో ఉన్న ముసలి జంతువుకు అత్యవసరంగా చేసే శస్త్రచికిత్సకు తేడా డబ్బులోనే కాదు, ప్రాణాపాయంలోనూ ఉంది. మగపిల్లి మూత్రానికి కూర్చుని మళ్లీ మళ్లీ ముక్కుతూ ఉంటే చాలామంది మలబద్ధకమనుకొని ఆముదం పోస్తారు. మూత్రనాళం పూర్తిగా మూసుకుంటే రెండు రోజుల్లోపే ప్రాణం పోవచ్చు. ఇది తెల్లారేదాకా ఆగదగిన జబ్బు కాదు.

ఇక రేబిస్ టీకా సంగతి వేరు. అది జంతువుకు మాత్రమే కాదు, ఇంటిల్లిపాదికీ రక్షణ. లక్షణాలు బయటపడిన తరువాత ఈ వ్యాధికి చికిత్స లేదు. 1885 జులై 6న పాశ్చర్ తొలిసారి ఒక బాలునికి రేబిస్ టీకా ఇప్పించిన రోజును ప్రపంచ జూనోసిస్ దినంగా పాటిస్తారు. ఆ సందర్భంలో ప్రభుత్వ పశువైద్యశాలలు ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తుంటాయి. ఏడాది టీకా గడువును జులైతో ముడిపెట్టుకుంటే ఆ ఖర్చు దాదాపు లేకుండా పోతుంది. నగరపాలక సంస్థ ఇచ్చే కుక్కల లైసెన్సుకు కూడా ఈ టీకా ధ్రువపత్రమే ఆధారం. కరిచిన మనిషికి మాత్రం గాయాన్ని సబ్బునీటితో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి పంపాలి. మనుషుల టీకాకు పేరుపొందిన నివారణ వైద్య సంస్థ కూడా నారాయణగూడలోనే ఉంది.

వైద్యునితో ఖర్చు గురించి మాట్లాడడం

మధ్యతరగతి, కూలి కుటుంబాల వారు వైద్యుని ఎదుట డబ్బు మాట ఎత్తడానికి సిగ్గుపడతారు. ఆ సిగ్గుతో మొదటి రోజు అన్నిటికీ తలూపి, రెండో రోజు రాకుండా ఉండిపోతారు. సగంలో ఆగిన చికిత్సే అన్నిటికన్నా ఖరీదైనది: డబ్బూ పోతుంది, జంతువూ దక్కదు. “డాక్టరుగారూ, నా దగ్గర ఇంతే ఉంది, ఇందులో ముందు ఏది తప్పనిసరి?” అని అడగడం నేర్పవలసిన నైపుణ్యం. “ఈ పరీక్ష ఫలితాన్ని బట్టి మందు మారుతుందా?” అన్నది రెండో ప్రశ్న. మారదని వైద్యుడు చెబితే ఆ పరీక్షను వాయిదా వేయవచ్చు. మారుతుందంటే ఆ పరీక్షే పొదుపు. మూడు రోజులు ఉంచవలసి వస్తే రోజుకు ఎంత అవుతుందో అంచనా రాసి ఇమ్మని కోరడం తప్పు కాదు. వైద్యునికీ ఇది మేలే. ఉత్తమ చికిత్స ఒక్కటే చెప్పి ఊరుకోకుండా, దానికి తక్కువలో మరొక క్రమాన్ని, దాని పరిమితులతో సహా చెప్పడం పశువైద్య విద్యార్థులు చికిత్సా శిక్షణలోనే అలవరచుకోవలసిన పద్ధతి.

మందుల విషయంలో కొంత ఆదా సాధ్యమే. జంతువులకు రాసే మందులలో కొన్ని మనుషులకూ వాడేవే. వైద్యుడు రసాయన నామం రాస్తే జన ఔషధి దుకాణాలలో తక్కువ ధరకు దొరకవచ్చు. 2025 మార్చిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పశు ఔషధి పథకం కూడా ఈ దిశలోనిదే, అయితే దాని దృష్టి పాడి పశువుల మీద. ఈ పొదుపు సొంత వైద్యానికి దారితీయరాదు. మనుషుల పారాసెటమాల్ మాత్ర ఒక్కటి పిల్లిని చంపగలదు. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్కల కడుపును, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. కుక్కల కోసం తయారైన పెర్మెత్రిన్ చుక్కల మందు పిల్లి ఒంటిమీద వేస్తే విషం. మోతాదు బరువును బట్టి కనుక నెలకొకసారి తూచడం మంచిది. యజమాని జంతువును ఎత్తుకొని కాటా ఎక్కి, తరువాత తానొక్కడే ఎక్కి తేడా చూస్తే సరిపోతుంది. కిరాణా కొట్టు తక్కెడ కన్నా ఇది అందరికీ మర్యాద.

నెలకు రూ. 500 పక్కన పెట్టగలిగిన కుటుంబానికి ఏడాదికి రూ. 6,000 చేరుతాయి. టీకాలు, నులిపురుగుల మందు, గోమార్ల మందు వంటి తెలిసిన ఖర్చులకు తేదీలు ముందే తెలుసు కాబట్టి వాటిని వేరుగా చూసి, ఈ నిధిని అనుకోని జబ్బుకు మాత్రమే ఉంచాలి. జంతువుల బీమా దొరుకుతుంది. అయితే అప్పటికే ఉన్న వ్యాధులకు, టీకాలు వేయించని వ్యాధులకు సాధారణంగా పరిహారం రాదు. పశువైద్యశాలలో అందించే వైద్యసేవకు జి.ఎస్.టి. మినహాయింపు ఉన్న సంగతి బిల్లు చూసేటప్పుడు తెలిసి ఉండాలి. విడిగా అమ్మే మందులకు, ఆహారానికి అది వర్తించదు. అసలు ఖర్చు జాతి ఎంపికతోనే మొదలవుతుందన్నది మరువరాదు. హస్కీకి హైదరాబాదు ఎండలో చల్లదనం కొనిపెట్టాలి, పగ్‌కు ఊపిరి బాధ, పర్షియన్ పిల్లికి జడకట్టే బొచ్చు, కారే కళ్లు. నాటు కుక్క ఈ విషయంలో యజమానికి ఎంతో కలిసివస్తుంది.

ఉప్పుగూడ వంటి చోట విస్తరణ సామగ్రి తెలుగు, ఉర్దూ రెండింటిలోనూ ఉండాలి. పెద్ద కరపత్రం కన్నా టీకా కార్డునే మలచుకోవడం మేలు. అది ఇంట్లో దాచుకునే కాగితం. లోపలి పుటలో టీకాల తేదీలు, ప్రతిసారి తూచిన బరువు, వైద్యుని నమోదు సంఖ్య ఉండాలి. వెనుక అట్టమీద వెంటనే కదలవలసిన లక్షణాలు నాలుగు చాలు: మూత్రం రాకపోవడం, రక్తపు విరేచనాలు, ఊపిరి ఆడకపోవడం, మూర్ఛ. వాటి కింద రాత్రి 10 గంటలు దాటాక ఎక్కడికి వెళ్లాలి, ఎవరికి ఫోన్ చేయాలి అన్న రెండు ఖాళీ గళ్లు. వాటిని మొదటి టీకా రోజునే, వైద్యుని ఎదుటే, యజమాని తన చేత్తో నింపాలి.